పచ్చ లైటు పడగానే బండి కదలాలంటే: డ్రాగ్ రేసుకు టైర్లు ఎలా ఎంచుకోవాలి

డ్రాగ్ రేసంటే నిలబడ్డ చోటి నుంచి పచ్చ లైటు పడగానే నేరుగా దూసుకెళ్లి, సాధారణంగా 402 మీటర్ల (పావు మైలు) చివరికి ఎవరు ముందు చేరతారో చూసే పోటీ. విజయవాడ ఆటోనగర్‌లో ఏ టైర్ల షాపుకెళ్లి "డ్రాగ్ రేసుకండీ, చక్రాలు స్పిన్ అవుతున్నాయి" అని చెప్పినా ముందు వినపడే మాట "వెడల్పు పెంచేద్దాం సార్" అనే. వెడల్పు టైరు చూడ్డానికి బాగుంటుంది, షాపువాడికి నాలుగు డబ్బులూ మిగులుతాయి. కానీ స్పిన్ (పట్టు దొరక్క చక్రం ఉన్నచోటే తిరగడం) తగ్గించడంలో వెడల్పు చివరన నిలబడే విషయం. ముందు రబ్బరు మెత్తదనం, తర్వాత అందులో గాలి, ఆ తర్వాతే సైజు. డబ్బు కూడా అదే వరుసలో ఖర్చు పెట్టండి.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా స్విఫ్ట్, ఐ20, పోలో లాంటి కార్లున్నవాళ్లకి. వీటిలో ఇంజను లాగేది ముందు చక్రాల్ని. బైకులవాళ్ల కోసం చివర్లో కొంత ఉంది.

1. ముందు ఎక్కడ పరిగెత్తిస్తారో తేల్చుకోండి

అమరావతి వైపు ఖాళీ రోడ్లూ, రాత్రిపూట బైపాసులూ ఇందులోకి రావు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద పబ్లిక్ రోడ్డు మీద రేసింగ్‌కి మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. అక్కడ ఎవరికైనా తగిలితే ఇంకా పెద్ద సెక్షన్లు ఉంటాయి. ఇంకో సంగతి: మామూలు మోటారు ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగు, స్పీడ్ టెస్టింగు కవర్ కావని రాసే ఉంటుంది. ట్రాక్ మీద జరిగిన డ్యామేజీ కూడా మీ జేబులోంచే.

మనకు అందుబాటులో ఉన్న సరైన చోటు చెన్నై దగ్గర, ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాక్. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడుపుతుంది, డ్రాగ్ పోటీలు అక్కడ జరుగుతాయి. జాతీయ స్థాయిలో ఈ ఆటకి పెద్ద సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ. ఏ ఈవెంటుకి వెళ్లాలనుకున్నా ముందు రూల్ బుక్ తెప్పించుకోండి. మీ క్లాసులో స్లిక్‌లు (గాడులు లేని నున్నటి రేసు టైర్లు) వేయనిస్తారా, రోడ్డు టైర్లే వాడాలా అన్నది అందులో ఉంటుంది. ఇది చదవకుండా టైర్లు కొంటే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

నేల ఎలాంటిదో కూడా అడిగి తెలుసుకోండి. విదేశీ డ్రాగ్ స్ట్రిప్పుల్లో స్టార్ట్ లైను దగ్గర జిగురు లాంటి మందు చల్లి, దాని మీద రబ్బరు పట్టిస్తారు. చెప్పు వేసుకుని నడిస్తే చెప్పు ఊడొచ్చేంత అంటుకుంటుంది. యూట్యూబ్‌లో మీరు చూసే స్లిక్‌ల మాయంతా ఆ నేల మీదది. మామూలు తారు మీద, పైగా దుమ్ము ఉంటే, అదే స్లిక్ సగం పని కూడా చేయదు. అలాంటి చోట మెత్తటి రోడ్డు టైరే నయం.

2. మీ బండి టైరు ఎంత లాగుడు పట్టుకోగలదో లెక్క వేయండి

కాగితం మీద పది నిమిషాల పని. చాలామంది చేయరు, అందుకే అనవసరంగా కొంటారు.

డ్రైవరుతో కలిపి 1,000 కిలోల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ అనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 600 కిలోల బరువు. బండి ఒక్కసారిగా ముందుకి దూకితే బరువు వెనక్కి వాలుతుంది కదా, గట్టి లాంచ్‌లో, అంటే లైను నుంచి ఒక్కసారిగా కదిలేటప్పుడు, ముందు నుంచి రమారమి 100 కిలోలు వెనక్కి పోతాయి. మిగిలింది 500. మామూలు రోడ్డు టైరుకి పొడి తారు మీద పట్టు 0.9 అనుకుంటే, 500లో 0.9 వంతు, అంటే 450 కిలోల లాగుడు వరకే ఆ రెండు టైర్లు తట్టుకుంటాయి.

ఇప్పుడు ఇంజను వైపు చూడండి. 113 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం), మొదటి గేరు నిష్పత్తి 3.5, ఫైనల్ డ్రైవ్ (చక్రాలకి ముందుండే చివరి గేరు) నిష్పత్తి 4.1. మూడూ గుణిస్తే 1,620 పైచిలుకు. దాన్ని చక్రం వ్యాసార్ధం 0.3 మీటరుతో భాగించి, గేరుబాక్సులో పోయే పది శాతం తీసేసి, న్యూటన్లని కిలోల్లోకి మార్చడానికి 9.8తో భాగిస్తే 500 కిలోల దగ్గర తేలుతుంది. టైరు పట్టు 450, ఇంజను లాగుడు 500. క్లచ్ ఒక్కసారిగా వదిలితే చక్రం స్పిన్ అవడానికి ఆ తేడా చాలు.

ఇక్కడే కొనాల్సింది ఏమిటో తెలుస్తుంది. పట్టు 0.9 నుంచి 1.1కి వెళ్లే మెత్తటి టైరు వేస్తే, బరువు వెనక్కి ఇంకాస్త ఎక్కువ వాలినా, ఆ రెండు చక్రాలూ 530 కిలోల దాకా పట్టుకుంటాయి. ఈ బండికి అది సరిపోతుంది. ఇంతకంటే ఖరీదైన టైరు ఈ కారుకి దండగ.

అదే రీమ్యాప్ చేయించిన (ఇంజను కంప్యూటరు సెట్టింగులు మార్చి పవరు పెంచిన) టర్బో డీజిల్ అయితే కథ వేరు. 250 న్యూటన్ మీటర్లు ఉంటే మొదటి గేరులో లాగుడు టైరు పట్టుకి రెట్టింపు దగ్గరకొస్తుంది. ఏ రోడ్డు టైరు వేసినా మొదటి గేరులో పూర్తి యాక్సిలరేటరు తొక్కితే స్పిన్ అవుతుంది. మీకు టైరుతో పాటు కాలి అదుపు కూడా కావాలి, వీలుంటే మొదటి గేరులో బూస్టు (టర్బో ఒత్తిడి) తగ్గించే మ్యాప్ కావాలి. ఈ రెండూ లేకుండా టైర్ల మీద మాత్రమే ఆశ పెట్టుకోకండి.

3. టైరు పక్క గోడ చదవడం నేర్చుకోండి

సైజు కింద చిన్న అక్షరాల్లో చాలా టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. 100 అన్నది ప్రామాణిక టైరు, 300 అంటే దానికి మూడింతలు మన్నుతుందని కంపెనీ చెప్పుకునే మాట. అంకె తగ్గే కొద్దీ సాధారణంగా రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ. షోరూములో కారుతో వచ్చేవి మైలేజీ కోసం చేసిన గట్టి టైర్లు. డ్రాగ్‌కి 200 నుంచి 300 లోపు దొరికితే మంచిది. అయితే ఈ అంకె వేసేది ఏ కంపెనీకి ఆ కంపెనీయే. ఒక కంపెనీ 240నీ, ఇంకో కంపెనీ 260నీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకండి. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చడానికే ఇది బాగా పనికొస్తుంది.

దాని పక్కనే ట్రాక్షన్ ఎఎ, ఎ, బి అని ఉంటుంది. పేరు చూసి చాలామంది మోసపోయేది ఇక్కడే. అది తడి రోడ్డు మీద బ్రేకు పట్టు గురించిన గ్రేడు. పొడి తారు మీద లాంచ్‌కీ దానికీ సంబంధం లేదు.

తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. మెత్తటి టైరుకి వయసే శత్రువు. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, మన ఎండల్లో రేకుల షెడ్డు కింద పెట్టిన టైరు ఇంకా తొందరగా గట్టిపడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, రబ్బరు సంగతి చెప్పాలా. రేసుకి కొనేది ఏడాది లోపు టైరై ఉండాలి. రెండేళ్లది సగం ధరకిస్తానన్నా వద్దనండి.

లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల వేగం) కారు మాన్యువల్‌లో ఉన్నదానికి తగ్గకూడదు. 402 మీటర్ల చివర మంచి హ్యాచ్‌బ్యాక్ గంటకి 120, 130 కిలోమీటర్లు దాటుతుంది, ట్యూన్ చేసిన బండి ఇంకా పైన.

4. సైజు: ఎత్తు చూడండి, వెడల్పు తర్వాత

లాంచ్‌లో టైరు పక్క గోడ కాస్త నలిగి, మళ్లీ సాగి, ఆ దెబ్బని మింగాలి. పక్క గోడ ఎత్తుగా ఉంటేనే అది కుదురుతుంది. 17 అంగుళాల రిమ్ములకి సన్నటి పట్టీ లాంటి టైర్లు వేసుకుని వచ్చి స్పిన్ అవుతోందని అడిగేవాళ్లకి మొదటి సలహా: పాత రిమ్ములు మళ్లీ బిగించండి.

185/65 ఆర్15 అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. ఆ టైరు మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్ల పైన. 195/60 ఆర్15 వేస్తే 615. తేడా ఒక్క శాతమే, స్పీడోమీటరు, గేరింగు దాదాపు మారవు, సెంటీమీటరు వెడల్పు వస్తుంది. 195/55 ఆర్15 అయితే 595కి దిగుతుంది. చక్రం చిన్నదైతే గేరింగు పొట్టిదై మొదటి గేరులో లాగుడు ఇంకా పెరుగుతుంది. స్పిన్‌తో బాధపడే బండికి అది ఎదురు మందు. పవరు తక్కువున్న బండికైతే అదే మేలు చేస్తుంది.

రిమ్ము ఒక అంగుళం తగ్గించే దారి కూడా ఉంది. 185/70 ఆర్14 ఎత్తు 614 మిల్లీమీటర్లు, పక్క గోడ దాదాపు సెంటీమీటరు ఎక్కువ, రిమ్ముతో కలిపి బరువూ తక్కువ. కొనేముందు 14 అంగుళాల రిమ్ము లోపల బ్రేకు క్యాలిపరు పడుతుందో లేదో బిగించి, చేత్తో తిప్పి చూడండి.

వెడల్పు విషయానికొస్తే, మీ రిమ్ముకి తగిన దానికంటే వెడల్పు టైరు ఎక్కిస్తే పక్క గోడలు లోపలికి నొక్కుకుపోయి టైరు నడుమ బుడగలా ఉబ్బుతుంది. నేలకి తగిలే భాగం అనుకున్నంత పెరగదు. పైగా ఫెండరుకి రాసుకుంటుంది. ఒక సైజు పెంచండి, అక్కడితో ఆపండి.

వెనక చక్రాలకి కొత్త టైర్లు అక్కర్లేదు, ఉన్నవే మంచి స్థితిలో ఉంటే చాలు. కానీ ముందు వెనక టైర్ల ఎత్తులో తేడా ఎక్కువైతే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోలు తికమక పడి లైట్లు వెలిగిస్తాయి. నాలుగు చక్రాలూ లాగే బండికైతే నాలుగూ ఒకే సైజు ఉండి తీరాలి, లేకపోతే డిఫరెన్షియల్ దెబ్బతింటుంది.

5. ఏ రకం కొనాలి

మొదటి మెట్టు పర్ఫార్మెన్స్ రోడ్డు టైర్లు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా లాంటి వరుసలు. 16, 17 అంగుళాల్లో ఎంపిక బాగుంటుంది, 15లో వెతకాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇవి చాలు.

రెండో మెట్టు సెమీ స్లిక్‌లు (కొద్దిపాటి గాడులే ఉన్న మెత్తటి టైర్లు), డ్రాగ్ రేడియల్స్ (డ్రాగ్ కోసమే చేసిన మెత్తటి రేడియల్ టైర్లు). ఇవి మన దేశంలో షాపుల్లో వరసగా దొరికేవి కావు. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టాక ఇంకా కష్టమైంది. ఎవరో తెప్పించి వాడి అమ్మేవే ఎక్కువ. అలాంటిది కొంటే షోర్ డ్యూరోమీటరు (రబ్బరు గట్టిదనం కొలిచే పరికరం) దగ్గర పెట్టుకోండి, ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతుంది. సూది రబ్బరులోకి గుచ్చితే అంకె చూపిస్తుంది. మామూలు రోడ్డు టైరు షోర్ ఎ స్కేలు మీద 60, 70 మధ్య ఉంటుంది. "మెత్తటి రేసు టైరు" అని అమ్ముతున్నది 70 దగ్గర చూపిస్తే, దానికి ఎన్ని బటన్లు మిగిలి ఉన్నా అది అయిపోయిన టైరే. నీడలో చల్లగా ఉన్నప్పుడు కొలవండి, ఎండలో కొలిస్తే మెత్తగా చూపిస్తుంది.

మూడోది స్లిక్. ఎంఆర్‌ఎఫ్, జేకే టైర్ దేశీ రేసింగ్‌కి స్లిక్‌లు తయారు చేస్తాయి, కానీ అవి సర్క్యూట్ రేసులకి వేడెక్కాక పట్టు ఇచ్చేలా చేసినవి. పదిహేను సెకన్ల పరుగులో ఆ వేడి రాదు. చవకగా దొరికాయని వాడిన సర్క్యూట్ స్లిక్‌లు తెచ్చి వేస్తే రోడ్డు టైరు కంటే ఘోరంగా జారే అవకాశం ఉంది.

రీట్రెడ్ టైర్లు, అంటే మన రీబటన్ టైర్లు, రేసుకి అసలే వద్దు. నున్నగా అరిగిన పాత టైరు స్లిక్‌లా పనిచేస్తుందన్న మాట కూడా నమ్మకండి. స్లిక్‌లో ఉన్నది కొత్త మెత్తటి రబ్బరు. అరిగిన టైరులో మిగిలింది గట్టిపడిన అడుగు పొర.

6. కొన్నాక, ట్రాక్‌కి వెళ్లేలోపు

కొత్త టైరు మీద అచ్చు నుంచి ఊడొచ్చేందుకు పూసిన జిడ్డు ఉంటుంది. గుంటూరు దాకా వెళ్లొచ్చే నెమ్మది ప్రయాణాలు రెండు మూడు చేస్తే పోతుంది. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నాకి దగ్గరగా పెట్టమనండి. క్యాంబరు (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఎక్కువ ఉంటే లోపలి అంచు మాత్రమే పని చేస్తుంది. షాపులో మెరుపు కోసం టైరుకి పాలిష్ కొడతారు, ఆ చేతులతో ట్రెడ్ (నేలకి తగిలే భాగం) ముట్టనివ్వకండి.

మెత్తటి టైర్ల మీద చెన్నై దాకా వెళ్లకండి. నాలుగు వందల కిలోమీటర్లు దాటిన హైవే ప్రయాణం, అదీ పగటి వేడిలో, వాటి ప్రాణం సగం తీసేస్తుంది. రేసు టైర్లు రెండూ డిక్కీలో వేసుకుని, పాత టైర్ల మీద వెళ్లి, అక్కడ మార్చుకోండి. జాకీ, వీల్ స్పానర్, టార్క్ రెంచ్, చిన్న కంప్రెసరు, సొంత గాలి గేజి వెంట ఉండాలి. పెట్రోలు బంకు గేజిని నమ్మితే రెండు మూడు పీఎస్‌ఐ అటూ ఇటూ అవుతుంది, డ్రాగ్‌లో ఆ తేడా పెద్దది.

7. గాలి: అన్నిటికంటే చవకైన మందు

టైరు మార్చకుండానే సగం సమస్య ఇక్కడ తీరొచ్చు, కాబట్టి తొందరపడకుండా చేయండి.

ముందు చక్రాల్లో కంపెనీ చెప్పిన గాలితో మొదలుపెట్టండి, చాలా హ్యాచ్‌బ్యాక్‌లకి అది 30 పీఎస్‌ఐ ప్రాంతం. ఒక పరుగు తీయండి. రెండు పీఎస్‌ఐ తగ్గించి ఇంకోటి. మళ్లీ రెండు. ప్రతి పరుగుకీ ముందు ట్రెడ్ మీద అడ్డంగా చాక్‌పీసుతో గీత గీసి, బండిని కొన్ని మీటర్లు నెమ్మదిగా నడిపి చూడండి. గీత నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ. రెండు అంచులూ చెరిగి నడుమ మిగిలితే తక్కువ. అంతటా సమంగా చెరగాలి.

మామూలు రోడ్డు రేడియల్‌ని 24 కిందకి దించకండి. పక్క గోడ మరీ మెత్తబడితే చివరి వంద మీటర్లలో, నూరు కిలోమీటర్ల వేగం దాటాక, బండి అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. టైరు రిమ్ము మీద జారే ప్రమాదం కూడా ఉంది. జారుతోందా అన్నది తెలియాలంటే టైరుకీ రిమ్ముకీ కలిపి ఒక చాక్ గీత గీయండి, పరుగు తర్వాత గీత విడిపోతే గాలి పెంచాల్సిందే. డ్రాగ్ రేడియల్స్, స్లిక్‌లు ఇంకా తక్కువ గాలితో నడుస్తాయి, కానీ వాటి లెక్క వాటి తయారీదారు కాగితంలో చూసుకోవాలి.

వెనక చక్రాల్లో మాత్రం గాలి తగ్గించొద్దు, సులభంగా దొర్లడానికి కాస్త ఎక్కువే పెట్టొచ్చు, టైరు మీద రాసిన గరిష్ఠం దాటకుండా.

ఎండని మరిచిపోకండి. గాలి ఉష్ణోగ్రత ప్రతి ఆరేడు డిగ్రీలకీ టైరులో ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ మారుతుంది. పొద్దున ఏడింటికి 28 డిగ్రీల్లో పెట్టిన 26, మధ్యాహ్నం 44 డిగ్రీలకి 28 దాటి కూర్చుంటుంది. "పొద్దున బాగా వెళ్లింది, ఇప్పుడేమైందో" అని ఇంజను మీద అనుమానపడే ముందు గేజి పెట్టి చూడండి. ఎండలో నిలబెట్టిన బండికి ఎండ పడే వైపు టైరు ఇంకా వేడెక్కుతుంది, రెండు ముందు టైర్లకీ తేడా వస్తే బండి ఒక పక్కకి లాగుతుంది. పిట్‌లో ముందు చక్రాల మీద తడి గోనెసంచి కాదు, పొడి గుడ్డ కప్పండి.

8. లైను దగ్గర

నీళ్లు పోసిన చోటు ఉంటే రోడ్డు టైర్లున్నవాళ్లు దాన్ని తప్పించి పక్కనుంచి వెళ్లాలి. లేకపోతే బటన్ల మధ్య గాడుల్లో నీళ్లు పట్టుకుని సరిగ్గా స్టార్ట్ లైను మీదకే వస్తాయి. బర్నౌట్ (పరుగుకి ముందు చక్రాలు ఉన్నచోటే తిప్పి వేడెక్కించడం) కూడా స్లిక్‌లకి కావాల్సినంత రోడ్డు టైర్లకి అక్కర్లేదు. రెండు సెకన్లు తిప్పి దుమ్ము, రాళ్లు దులిపితే చాలు. పొగ వచ్చేదాకా తిప్పితే రోడ్డు టైరు పైపొర కరిగి జిడ్డులా అవుతుంది, పట్టు తగ్గుతుంది. జనం చప్పట్లు కొడతారు, అదొక్కటే లాభం.

టైమింగ్ కాగితం ఇస్తే మొదటి 60 అడుగుల సమయం చూడండి, అంటే 18.3 మీటర్లది. టైర్లు, గాలి మార్చినప్పుడు మారాల్సింది అదే. అక్కడ తగ్గిన సెకను భాగం చివరికి వచ్చేసరికి ఒకటిన్నర రెట్ల దాకా పెరుగుతుంది. 60 అడుగుల సమయం తగ్గి, చివరి వేగం కూడా తగ్గిందంటే గాలి అతిగా దించారు, టైరు దొర్లడానికే ఇంజను కష్టపడుతోంది. ఒక పరుగుకి ఒక్క మార్పే చేయండి. గాలీ, లాంచ్ ఆర్‌పీఎమ్ కలిపి మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు.

బైకులకైతే

వెనక టైరు మీదే మొత్తం ఆధారం. బైకులో బరువు వెనక చక్రం మీదకే వాలుతుంది కాబట్టి స్పిన్ కంటే మొదట ముందు చక్రం గాల్లోకి లేవడం ఇబ్బంది పెడుతుంది. దానికోసం స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) పొడిగిస్తే చక్రం లేవడం తగ్గి స్పిన్ పెరుగుతుంది. పొడిగించాకే టైరు ఎంచుకోండి. యమహా ఆర్15 బైకుకి కంపెనీ ఇచ్చేది 140/70, కేటీఎం డ్యూక్ 390కి 150/60. ఆర్15 రిమ్ముకి 150 ఎక్కించే సరదా మన దగ్గర చాలా ఉంది, ఇరుకు రిమ్ములో టైరు కోడిగుడ్డు కొనలా మారి నిటారుగా నిలబడ్డప్పుడు నేలకి తగిలే భాగం తగ్గుతుంది. డ్రాగ్‌లో బైకు నడిచేదంతా నిటారుగానే. కంపెనీ సైజులోనే మెత్తటి స్పోర్ట్ రేడియల్ వేసి, గాలి ఒకటి రెండు పీఎస్‌ఐ మెట్లలో తగ్గించి చూడండి. చైన్ స్లాక్ సరిచూడకుండా లాంచ్ చేయొద్దు, వదులు చైన్ కొట్టే దెబ్బకి మంచి టైరు కూడా ఒక్కసారిగా పట్టు వదిలేస్తుంది.

కారుకైనా ఇవన్నీ చేశాక ఇంకా చక్రం దడదడలాడుతూ ఎగురుతుంటే టైరుని వదిలేసి ఇంజను మౌంట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు చూపించండి. ఒక చక్రమే తిరుగుతూ రెండోది ఊరికే ఉంటే అది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండోదానికీ బలం పంపే గేరు అమరిక) అడుగుతోంది. దాని ఖర్చు రెండు జతల మంచి టైర్ల కంటే ఎక్కువే ఉంటుంది, కాబట్టి 24, 26, 28 మూడు ఒత్తిళ్లలోనూ తీసిన పరుగుల టైమింగ్ కాగితాలు చేతిలో పెట్టుకుని అప్పుడే మెకానిక్ దగ్గరికి వెళ్లండి.